నాలుగు చుట్లు పరుగెత్తే నేల ఏది?

1600 మీటర్లు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పోయే మగపిల్లవాడు ఈ దూరాన్ని 8 నిమిషాల్లో పరుగెత్తాలి. ఆడపిల్ల 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. అగ్నివీర్‌గా సైన్యంలో చేరాలన్నా ఈ 1600 మీటర్లు దాటవలసిందే. 400 మీటర్ల ట్రాక్ మీద అయితే అది నాలుగు చుట్లు. మగపిల్లవాడికి చుట్టుకు రెండు నిమిషాలు. లెక్క ఇంతే. కానీ ఈ లెక్క చూసుకోవడానికి తుగ్గలి మండలంలో మేము కలిసిన పిల్లలెవరికీ కొలిచిన నేల అందుబాటులో లేదు. తెల్లవారకముందే లేచి పత్తికొండ రోడ్డు మీద పరుగెత్తుతున్నారు. ఎదురుగా లారీ వస్తే రోడ్డు పక్క మట్టిలోకి దిగుతున్నారు. కిలోమీటరు రాయి కనబడితేనే వాళ్లకు దూరం తెలుస్తుంది. తీరా పరీక్షనాడు కర్నూలు పోయి పటాలం మైదానంలో నిలబడితే, ఏ చుట్టులో ఎంత ఊపిరి దాచుకోవాలో తెలియక మూడో చుట్టుకే కూలబడుతున్నారు.

రాజధాని, హైకోర్టు, కృష్ణా నీళ్లు అనే ఇన్ని పెద్ద మాటలుండగా ఈ వారం సంపాదకీయం ఆటస్థలం మీదనా అని మిత్రులు అడగవచ్చు. అడగాలి కూడా. మా జవాబు ఒక్కటే. రాష్ట్రం అనేది సచివాలయం గోడల్లో మాత్రమే ఉండదు. పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి పట్నంలోని కళాశాల మైదానానికి వచ్చిన ఆడపిల్లకు తాగడానికి నీళ్లున్నాయా, పోవడానికి మరుగుదొడ్డి ఉందా, పరుగెత్తడానికి నేల ఉందా అన్నచోట ఉంటుంది. ఆ మూడూ లేకపోతే ఆ పిల్లకు రాష్ట్రం లేనట్టే. ఆ మూడింటికీ లెక్క చెప్పలేని ఉద్యమం కూడా ఉద్యమం కాదు.

బోర్డు మీద మాత్రమే స్టేడియం

పడమటి కర్నూలులోని ఒక పట్టణంలో, ఒక కళాశాల మైదానంలో బడిపిల్లల ఆటల పోటీలు జరుగుతుంటే మేమూ చూడడానికి పోయినాము. ఊరి పేరు, కళాశాల పేరు రాయడం లేదు. పేరు రాస్తే రేపు ఒక ప్రిన్సిపాల్‌కు మెమో వస్తుంది, ఒక పీడీ బదిలీ అవుతాడు, మైదానం మాత్రం అట్లే ఉంటుంది. పైగా మేము చూసింది ఒక్క కళాశాల కథ కాదు. చదువుతున్న మీలో ప్రతి ఒక్కరికీ మీ ఊరి మైదానమే గుర్తుకొస్తుంది.

గేటు మీద స్టేడియం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపల ఒకవైపు మెట్ల గ్యాలరీ. దాని మీద నీడ లేదు. పది గంటలకే మెట్లు కాలుతున్నాయి. ఆ మెట్ల కింద ఇంత నీడ పట్టున తల్లులు చంకలో చిన్నపిల్లలతో కూర్చున్నారు. తుగ్గలి వైపు నుంచి వచ్చిన పిల్లలు పత్తికొండలో బస్సు మారి చేరేసరికే అలసిపోయినారు. కొందరు దారిలో ఉగ్గాని తిన్నారు. కొందరు ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె మూట విప్పలేదు. తిని పరుగెత్తితే కడుపులో నొప్పి వస్తుందని ఆటలయ్యాక తిందామని దాచుకున్నారు.

నీళ్ల ట్యాంకు ఉంది, కుళాయి ఉంది, నీళ్లు రాలేదు. ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు తన చేతి డబ్బుతో క్యాన్లు తెప్పించినాడు. అవి మధ్యాహ్నానికే ఖాళీ. మరుగుదొడ్ల గదికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఉదయం నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంది. ఎందుకు తాగలేదని ఆ జట్టుతో వచ్చిన టీచరమ్మ అడిగితే, "తాగితే పోవల్ల కదా మేడం, యాడికి పోవల్ల?" అని ఆ పిల్ల ఎదురు అడిగింది. ఆమె దగ్గరా జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ పిల్ల 800 మీటర్ల పందెంలో నిలబడింది. రెండో చుట్టులో కళ్లు తిరిగి పక్కకు కూర్చుండిపోయింది. ఓడిపోయినదని కాగితం మీద రాసుకున్నారు. ఓడింది ఆ పిల్లా?

ట్రాక్ సంగతి చూద్దాం. సున్నంతో గీసిన గీతలు బాగానే ఉన్నాయి. వాటిని గీయడానికి ఇద్దరు పీఈటీలు ముందురోజు రాత్రి దాకా మైదానంలోనే ఉన్నారట. కానీ గీతల మధ్య నేల చూస్తే గుండె చెరువైంది. మూరెడు దూరానికి ఒక గుంత. అంతకుముందు అక్కడ జరిగిన సభకు షామియానా గుంజలు పాతిన గుంతలవి. కొన్నింటిలో మట్టి పోసినారు గానీ తొక్కించలేదు, కాలు పెడితే దిగబడుతుంది. ఒక మూల నాయకుడి హెలికాప్టరు దిగడానికి వేసిన కాంక్రీటు దిమ్మె అట్లే మిగిలిపోయింది. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక బదులు కంకర ఉంది. సభకు వచ్చే వాహనాలు దిగబడకుండా పోసిన కంకర అది. గోలుపోస్టు వెనక పగిలిన సీసాలు. వాటిని ఏరుతున్నది కూడా పిల్లలే. ఆటకు ముందు వాళ్ల తొలి పని అది.

మైదానానికి ఎవరు చుట్టాలు? ఎవరు ఆసామి?

ఒక కళాశాల మైదానానికి రోజూ వచ్చేవాళ్లు ఎవరో చూడండి. చీకటితో నడకకు వచ్చే రిటైరైన ఉద్యోగులు. వాళ్ల తర్వాత ఉద్యోగాల కోసం పరుగులు తీసే నిరుద్యోగులు. పగలు కళాశాల పిల్లలు. సాయంత్రం క్రికెట్, వాలీబాల్ ఆడే కుర్రవాళ్లు. ఏడాదికి కొన్ని రోజులు చుట్టుపక్కల మండలాల నుంచి పోటీలకు వచ్చే బడిపిల్లలు, వాళ్ల వెంట వచ్చే తల్లిదండ్రులు, టీచర్లు. వీళ్లు ఆ నేలను వాడుకుంటారు, కాపాడుకుంటారు. వీళ్లే దాని ఆసాములు.

ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చే చుట్టం ఇంకొకరున్నారు. ఆయన వస్తే మాత్రం రాత్రికి రాత్రే రోడ్డు పడుతుంది, కుళాయిలో నీళ్లు వస్తాయి, లారీల మీద మరుగుదొడ్లు దిగుతాయి, జనరేటరు మోగుతుంది. ఆయన పోయిన మర్నాడు అన్నీ లారీలెక్కి పోతాయి. గుంతలు మాత్రం మిగులుతాయి. ఇదెక్కడి న్యాయం? ఒక్క పూట నాయకుడికి నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఏర్పాటు చేయగలిగిన యంత్రాంగానికి, మూడు రోజుల పోటీలకు వచ్చిన పిల్లలకు అవే ఏర్పాటు చేయడం చేతకాదంటే మేము నమ్మము. చేతకాక కాదు, లెక్కలేక.

నేల ఎట్లా చెడిపోతుందో చదువుకున్న మన పిల్లలకు చెప్పనక్కరలేదు. ఒకసారి రోలరు తొక్కించి నీళ్లు చల్లి కుదించిన మట్టి ట్రాక్, బరువైన లారీలు తిరిగితే గాడులు పడుతుంది. నల్లరేగడి నేల అయితే ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు బురద అవుతుంది. గుంజ గుంతను పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టకపోతే పైకి సమంగా కనబడి కాలి కింద కుంగుతుంది. పరుగెత్తే పిల్లవాడి చీలమండ మడతపడేది అక్కడే. ఒక్కసారి చీలమండ దెబ్బతింటే ఆ ఏడాది పరీక్ష పోయినట్టే. వయసు దాటిపోతే ఉద్యోగమూ పోయినట్టే.

2022 జులై 5న అప్పటి ముఖ్యమంత్రి ఆదోనికి వచ్చి విద్యాకానుక పంపిణీ ప్రారంభించినారు. ఆ కిట్టులో పిల్లలకు బూట్లు కూడా ఇచ్చినారు. సంతోషం. ఆ బూట్లు తొడుక్కుని పరుగెత్తే నేల సంగతి ఆయన అడగలేదు. ఆయన తర్వాత వచ్చినవాళ్లూ అడగలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. చట్టం కాగితం మీద ఉంది. నేల కబ్జాలోనో, కంపచెట్లలోనో ఉంది.

గుడారాల నుంచి గర్జనల దాకా

కర్నూలుకు మైదానాలతో పాత సంబంధం ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు కార్యాలయాలు గుడారాల్లో నడిచినాయి. మూడేళ్లకే, 1956 నవంబరు 1న, గుడారాలు ఎత్తి హైదరాబాదు పోయినారు. గుడారాలు వేసినప్పుడూ నేల మనదే, ఎత్తినప్పుడు మిగిలిన గుంతలూ మనవే. అరవై ఆరేళ్ల తర్వాత 2022 డిసెంబరు 5న అదే కర్నూలులో, ఎస్టీబీసీ కళాశాల మైదానంలో, న్యాయరాజధాని కోసం రాయలసీమ గర్జన జరిగింది. అప్పటి పాలకపక్షం దానికి అండగా నిలబడింది. జనం జిల్లాల నుంచి తరలివచ్చినారు. హైకోర్టు మాత్రం రాలేదు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం ఇంకో ప్రభుత్వం శాసనసభలో తీర్మానం చేసింది. ప్రభుత్వాలు మారినాయి, మైదానాలకు పిలిచి మనతో చప్పట్లు కొట్టించుకునే పద్ధతి మారలేదు.

ఈ కాలంలో ఆటల పేరుతో పెట్టిన డబ్బు ఎక్కడికి పోయింది? 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు హైదరాబాదులో జరిగినాయి. వాటికోసం గచ్చిబౌలిలో స్టేడియం కట్టినారు. యూసుఫ్‌గూడలోని ఇండోర్ స్టేడియానికి ఎవరి పేరుందో తెలుసా? కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు. మన కర్నూలు జిల్లా మనిషి, రెండుసార్లు ముఖ్యమంత్రి. మనవాడి పేరు హైదరాబాదులో ఉంది, ఆ పేరు కింద ఆడే నేల కూడా హైదరాబాదులోనే ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ స్టేడియాలన్నీ అక్కడే ఉండిపోయినాయి. ఉమ్మడి రాష్ట్రంలో మన పన్నులతో కట్టినవాటికి ఇప్పుడు మనం పరాయివాళ్లం.

బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. ఇప్పుడు అమరావతి వంతు. అక్కడ లక్ష మందికి పైగా కూర్చునే క్రికెట్ స్టేడియం కట్టే ఆలోచన ఉందని 2025లో ఆంధ్ర క్రికెట్ సంఘం చెప్పింది. కట్టుకోనివ్వండి. అయితే ఒకేచోట అన్నీ పోగేసి ఒకసారి చేతులు కాల్చుకున్న రాష్ట్రం, మళ్లీ అదే పొయ్యిలో చేయి పెడుతుంటే చూస్తూ ఊరుకోవాలా? లక్ష కుర్చీల స్టేడియంలో ఆట చూడడానికి తుగ్గలి నుంచి ఎంతమంది పోగలరు? ఒక మట్టి ట్రాక్ మీద ఏడాది పొడవునా ఎంతమంది పరుగెత్తగలరు? ఈ రెండు ప్రశ్నలు పక్కపక్కన పెట్టి చూడమని పాలకులను అడుగుతున్నాము.

1937 నవంబరు 16నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఎప్పుడు వచ్చింది? 1981లో. నలభై నాలుగేళ్లు పట్టింది. కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం 2008 దాకా రాలేదు. కళాశాల ఆలస్యమైనచోట కళాశాల మైదానం ఇంకా ఆలస్యమవుతుంది. చదువు పెట్టేటప్పుడే ఆటను వెనక్కి నెట్టినారు. మిగిలిన కాస్త నేలను సభలకు వదిలేసినారు.

మన నేల పనికిరానిదా?

సీమలో ఎండ ఎక్కువ, నీళ్లు తక్కువ, ఇక్కడ మైదానాలు నిలవవు అని చెప్పే అధికారులున్నారు. వాళ్లను గుత్తి మీదుగా అనంతపురం తీసుకుపోయి చూపించాలి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరువు జిల్లాకు వచ్చినాడు. ఆయన పెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ అక్కడ ఆటల గ్రామాన్నే కట్టింది. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ వచ్చి పేదపిల్లల కోసం టెన్నిస్ బడి తెరిచినాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు అక్కడ జరిగినాయి. విమానాశ్రయం లేని ఊరికి సంజూ శాంసన్, ఇషాన్ కిషన్ వంటివాళ్లు వచ్చి సెంచరీలు కొట్టినారు. పల్లెల నుంచి జనం పోయి చూసి వచ్చినారు. అదే ఎండ, అదే నేల, అదే సీమ. మరి తేడా ఎక్కడుంది? నేలలో లేదు, దాన్ని చూసుకునే మనిషిలో ఉంది.

ఆ మైదానాల్లో ఆడిన నార్పల మండలం పిల్ల బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ మీద దేశం తరఫున ఆడింది. కడప జిల్లా ఎర్రమల్లె పల్లెలో పుట్టిన శ్రీచరణి 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. గెలిచిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2.5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. మంచి పని. కానీ గెలిచిన తర్వాత ఇచ్చేది సన్మానం. గెలవకముందు ఇవ్వవలసింది హక్కు. సన్మానాలకు శాలువాలు చాలు. హక్కుకు నేల కావాలి.

ఒక దాతృత్వ సంస్థ చేసిన పనిని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి దయ మీద మన పిల్లల ఆటలు నడవాలా? ప్రజల పన్నులతో నడిచే ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు? సంస్థ ఉన్నచోట ఆట, లేనిచోట గుంతలు అంటే తుగ్గలి, ఆస్పరి, దేవనకొండ, కోసిగి పిల్లలు ఏ దాత కోసం ఎదురుచూడాలి?

సుగ్గికి పోయిన పిల్లలకు ఆట ఎప్పుడు?

ఇంకొక సంగతి రాజధానుల్లో కూర్చున్నవాళ్లకు తెలియదు. పడమటి మండలాల్లో ఖరీఫ్ పంట ఇంటికి వచ్చిన తర్వాత ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలు సుగ్గికి పోతాయి. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. 2023 డిసెంబరు 26న గుంటూరులో ఆడుదాం ఆంధ్రా ప్రారంభించి 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగించినారు. అది సరిగ్గా మన పిల్లలు సుగ్గిలో ఉండే కాలం. అక్కడ ప్రారంభోత్సవంలో టపాసులు కాలుస్తున్న వేళకు మన పిల్లల్లో కొందరు ఆ జిల్లాలోనే మిరప చేలలో ఉన్నారు. ఆటల పట్టిక రాసేవాడికి మన ఊళ్ల కాలం తెలిసి ఉంటే ఆ తేదీలు పెట్టేవాడా? పెత్తనం దూరంలో ఉంటే ఇట్లాగే ఉంటుంది. కుట్ర చేయనక్కరలేదు, మన బతుకు వాళ్లకు తెలియకపోతే చాలు.

ఉద్యోగాల సంగతి విద్యార్థులు గట్టిగా గమనించాలి. 2024 నవంబరులో ప్రకటించిన క్రీడావిధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచినారు. కాగితం మీద ఇది అందరికీ సమానమే. కానీ ఆ కోటాకు కావలసింది పోటీల సర్టిఫికెట్లు. సర్టిఫికెట్టుకు పోటీ కావాలి, పోటీకి సాధన కావాలి, సాధనకు మైదానం కావాలి. మైదానం లేనిచోట పెంచిన కోటా మనకు పెరగలేదు. ఆటస్థలం నియామకాల సమస్య కూడా అని మేమంటున్నది అందుకే.

తుగ్గలి మండలానికి తొలకరి వానలప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. జొన్నగిరి, పగిడిరాయి చేలలో వంగి వజ్రాలు వెతుక్కుంటారు. బంగారం కోసం కంపెనీలు జొన్నగిరి భూమిని తవ్వుతున్నాయి. అశోకుడి శాసనాలు చూడడానికి ఎర్రగుడి గుట్టకు పండితులు వస్తారు. తుగ్గలి మట్టిలో ఏముందో అందరికీ కావాలి. ఆ మట్టి మీద పరుగెత్తే పిల్లల్లో ఏముందో వెతికేవాడు ఒక్కడూ రాడు.

వచ్చినవాళ్లు క్షేమంగా ఇంటికి పోవాలి

మైదానం అంటే ఆట ఒక్కటే కాదు, ప్రాణం కూడా. 2022 డిసెంబరు 28న కందుకూరులో సభకు వచ్చినవాళ్లు ఇరుకు సందులో తొక్కిసలాటలో 8 మంది చనిపోయినారు. 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీకి వచ్చిన ముగ్గురు మహిళలు అట్లే పోయినారు. మర్నాడే రోడ్ల మీద సభలు వద్దని ప్రభుత్వం ఒకటో నంబరు జీవో తెచ్చింది. హైకోర్టు ఆ ఏడాదే దాన్ని కొట్టేసింది. సభ పెట్టుకునే హక్కును ఏ జీవో తీసేయలేదు. ఆ హక్కు మాకు ప్రాణం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయినారు. బతుకుదెరువుకు మన పిల్లలు వేలమంది ఉన్న ఊరది. ఆరోజు మన పల్లెల్లో ఎంతమంది తల్లులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారో మాకు తెలుసు.

ఇక మన కళాశాల మైదానాలను చూడండి. చాలాచోట్ల చుట్టూ ప్రహరీ, లోపలికి రావడానికీ పోవడానికీ ఒకే గేటు. పోటీలనాడు ఆ గేటు ముందే ఆటోలు, బజ్జీల బండ్లు. ఒక పిల్ల పడిపోతే అంబులెన్సు లోపలికి వచ్చే దారి లేదు. మేము చూసిన మైదానంలో కళ్లు తిరిగిన ఆ పిల్లను టీచరమ్మ భుజం మీద వేసుకుని గేటు దాకా నడిచింది.

ముందు మన ఇల్లు మనం ఊడ్చుకుందాం

ఇంతదాకా పాలకులను అన్నాము. ఇక మనల్ని మనం అనుకోవలసిన మాట ఉంది. ప్రత్యేక రాష్ట్రం కోసం, శ్రీబాగ్ అమలు కోసం మనం కూడా ఇవే మైదానాల్లో సభలు పెట్టినాము. మన గుంజల గుంతలు కూడా ఆ నేలలో ఉన్నాయి. సభ అయిపోయిన రాత్రి జెండాలు చుట్టుకుని పోయినామే గానీ, మర్నాడు పొద్దున్నే అక్కడికి పరుగెత్తడానికి వచ్చే పిల్లవాడిని తలుచుకోలేదు. ఒక నడక మిత్రుడు, రిటైరైన ఉద్యోగి, మమ్మల్ని నిలబెట్టి అడిగినాడు: "ఏమప్పా, మీరూ వాళ్ల మాదిరే గుంతలు తీసి పోతిరి కదా, మీ రాష్ట్రం వస్తే మాత్రం పూడుస్తారా?" ఆ మాటకు తలవంచుకున్నాము. ఈ సంపాదకీయం రాయడానికి సగం కారణం ఆ మాటే.

రాష్ట్రం వస్తే అన్నీ వాటంతటవే వస్తాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయము. సీమ నుంచి ఎంతమంది ముఖ్యమంత్రులు కాలేదు? సంజీవరెడ్డి నుంచి నేటిదాకా లెక్కపెట్టుకోండి. మనవాడు కుర్చీలో కూర్చుంటే చాలదని, కుర్చీ మనకు జవాబు చెప్పే దూరంలో ఉండాలని ఆ లెక్కే నేర్పింది. ప్రత్యేక రాష్ట్రం అడిగేది ఆ దగ్గరితనం కోసమే. ఆటల పట్టిక రాసేవాడికి సుగ్గి తెలియాలి. మైదానం అనుమతి ఇచ్చేవాడి పిల్ల కూడా ఆ మైదానంలోనే ఆడాలి. అప్పుడు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది.

అందుకే ఉద్యమ శ్రేణులకు మా విన్నపం. ఇకమీదట ట్రాక్ ఉన్న మైదానంలో మన సభ పెట్టవద్దు. మార్కెట్ యార్డులున్నాయి, సంత బయళ్లున్నాయి. తప్పనిసరిగా పెట్టవలసి వస్తే ట్రాక్ గీతల లోపల గుంజ పాతవద్దు, బండి తిప్పవద్దు. సభ మర్నాడు సూర్యుడు పొడిచేలోగా గుంతలు పూడ్చి, దిమ్మిస కొట్టి, చెత్త ఎత్తి, కళాశాల పీడీకి నేల అప్పగించిన తర్వాతే కార్యకర్తలు ఇంటికి పోవాలి. మనం ముందు చేసి చూపిస్తే మిగతా పార్టీలను నిలదీసే హక్కు మనకు వస్తుంది.

ప్రభుత్వాన్ని మేము ఆకాశంలో చుక్కలు అడగడం లేదు. కోట్ల రూపాయల సింథటిక్ ట్రాక్ ఈరోజే వేయమనడం లేదు. ప్రతి మండలంలో అయిదారు ఎకరాల్లో కొలిచిన ఒక మట్టి ట్రాక్, ఒక రోలరు, కావలసినన్ని నీళ్లు, దాన్ని చూసుకోవడానికి జీతమిచ్చే ఒక మనిషి కావాలి. ప్రతి కళాశాల మైదానంలో ఆడపిల్లలకు తాళం వేయని మరుగుదొడ్డి, తాగే నీళ్లు, మెట్ల మీద నీడ, అంబులెన్సు వచ్చే రెండో గేటు కావాలి. ఏ పార్టీ సభకైనా మైదానం ఇచ్చేముందు డిపాజిట్టు కట్టించుకోవాలి. నేల బాగయిందని పీడీ సంతకం పెట్టిన తర్వాతే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. పడమటి మండలాల ఆటల పోటీలు సుగ్గికి ముందే ముగించాలి.

విద్యార్థి మిత్రులారా, 2005 సమాచారహక్కు చట్టం మీ చేతిలో ఉంది. పోయిన మూడేళ్లలో మీ కళాశాల మైదానాన్ని ఎన్ని సభలకు ఇచ్చినారు, ఎంత వసూలు చేసినారు, అందులో నేల మీద ఎంత ఖర్చు పెట్టినారు అని ఒక తెల్లకాగితం మీద రాసి అడగండి. జవాబు వస్తే మాకు పంపండి, అచ్చువేస్తాము. రాకపోతే రాలేదని అచ్చువేస్తాము. ఉద్యోగ మిత్రులారా, పొద్దున్నే మీరు నడిచేది ఆ నేల మీదే. ఊరికో పదిమంది కలిసి మైదానం కమిటీగా కూర్చోండి. పీఈటీ మిత్రులారా, జేబు డబ్బుతో నీళ్ల క్యాన్లు తెచ్చే మీ మంచితనానికి చేతులెత్తి మొక్కుతాము. కానీ అది మీ బాధ్యత కాదు. ఆ బిల్లు ఎవరిదో వాళ్లకే పంపండి.

800 మీటర్ల పందెంలో కూలబడిన ఆ పిల్ల, సాయంత్రం బస్సు ఎక్కేముందు రొట్టె మూట విప్పింది. మళ్లీ వచ్చే ఏడు వస్తావా పాపా అని అడిగినాము. ఒక్క క్షణం ఆలోచించి, "నీళ్లు పెడితే వస్తా" అంది. రాయలసీమ ఎనభై ఏళ్లకు పైగా అడుగుతున్నది కూడా ఇదే మాట. ఆ పిల్ల మళ్లీ వచ్చేలోగా కనీసం ఆ కుళాయిలో నీళ్లు రప్పించగలమా? రాష్ట్ర సాధనకు మొదటి చుట్టు అక్కడినుంచే మొదలుపెడదాం.